కోడిపోరు నాలుగో నాడే ఎందుకు? - కారంపూడి వీరారాధనపై ఒక సంవాదం

పల్నాడు జిల్లాలో నాగులేరు ఒడ్డున ఉన్న కారంపూడి మండల కేంద్రమే అయినా, పట్టణపు హంగుల కంటే పల్లె వాసనే ఎక్కువగా ఉన్న ఊరు. 12వ శతాబ్దంలో మాచర్ల, గురజాల రాజ్యాల మధ్య జరిగిన పల్నాటి యుద్ధానికి ఈ ఊరి పొలిమేరే రణరంగమని కావ్యమూ, పాటా, ఆచారమూ ఒక్క గొంతుతో చెబుతాయి. ఏటా కార్తీక అమావాస్య నాడు ఇక్కడ మొదలయ్యే వీరారాధన ఉత్సవాలు ఐదు రోజులు సాగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ ఐదు రోజులకూ పేర్లున్నాయి. పూర్వీకుల కాలం నుంచి ఒక్కొక్క వీరుడి పేరున ఇంట పూజలందుకుంటున్న ఆయుధాలను కొణతాలు అంటారు. వాటిని మోసుకుని దూరదూరపు ఊళ్ళ నుంచి వచ్చే వంశాలవారు వీరాచారవంతులు. నాగులేటి గంగధారి మడుగులో కొణతాలకు స్నానం చేయించి, వాటిని వీర్లగుడికి చేర్చడంతో ఊరంతా పండుగ వాతావరణంలోకి వస్తుంది.

లేపాక్షి, గండికోట, కొండవీడు వంటి చోట్ల ప్రభుత్వమే వేదికలు కట్టి ఉత్సవాలు జరిపిస్తున్న కాలమిది. అందువల్ల కారంపూడి వంటి ఊరి విషయంలోనూ ఒక ప్రశ్న తప్పదు: శతాబ్దాలుగా తనంతట తాను నడుస్తున్న ఒక ఆచారాన్ని స్థానిక చరిత్ర బోధించే వారసత్వ కార్యక్రమంగా తీర్చిదిద్దవచ్చునా, తీర్చిదిద్దితే మిగిలేదేమిటి? కింది సంవాదంలో డిగ్రీ కళాశాలలో చరిత్ర చెప్పే ఉపన్యాసకుడొకరు, ఇంట కొణతం ఉన్న వృద్ధుడొకరు ఈ ప్రశ్నను చెరొక కొసనా పట్టుకున్నారు. ఇద్దరూ కల్పిత పాత్రలే అయినా, వారి వాదాలు ఇలాంటి ఉత్సవం జరిగే ఏ ఊళ్ళోనైనా తలెత్తేవే.

ఉపన్యాసకుడు: బాబాయ్ గారూ, ఐదు రోజులు ఇక్కడ తిరిగిన పదో తరగతి పిల్లవాడు ఇంటికి వెళ్ళేటప్పుడు ఏం తెలుసుకుని వెళుతున్నాడన్నది అసలు సంగతి. ఉత్సవ క్రమాన్నే చూడండి. కథలో కోడిపోరు ముందు జరుగుతుంది. ఆ పందెంలో ఓడినందువల్లనే మాచర్లనేలిన మలిదేవరాజూ, అతని మంత్రి బ్రహ్మనాయుడూ ఊరు విడిచి ఏడేళ్ళు వలస పోవలసి వచ్చింది. వలసలో ఉండగా వారి ఆలమందల మీద దాడి జరిగి, మందను కాచిన లంకన్న నేలకొరిగాడు, అదే మందపోరు. గడువు తీరాక తమ భాగం తమకిమ్మని అడగడానికి వారి పక్షాన అలరాజు గురజాలకు రాయబారం వెళ్ళి, చర్లగుడిపాడు దగ్గర విషప్రయోగానికి బలైపోయాడు. ఆ తరువాతే యుద్ధం. ఉత్సవంలోనేమో రాయబారం రెండో రోజున, మందపోరు మూడో రోజున, కోడిపోరు నాలుగో రోజున వస్తాయి. వరస పూర్తిగా తలకిందులైంది. కథ తెలియనివాడు ఈ క్రమాన్ని నమ్ముకుంటే, రాయబారం చెడినందుకు కోళ్ళు కొట్టుకున్నాయని అనుకునే ప్రమాదం ఉంది.

ఆచారవంతుడు: మాస్టారూ, కథ తెలియనివాడు కథ తెలుసుకోవడానికి కారంపూడి రాడు, కథ తెలిసినవాడే వస్తాడు. రామనవమి నాడు పందిట్లో కల్యాణం చేస్తారు. రాముడు పుట్టిన రోజునే పెళ్ళేమిటని ఎవరైనా అడుగుతారా? ఇక్కడ జరిగేది కథ చెప్పడం కాదు, వీరులకు చెల్లించవలసినది చెల్లించడం. పోనీ వరస కావాలంటారా? దారపుండను విప్పేటప్పుడు చివర చుట్టిన పోగే ముందు చేతికి వస్తుంది. చావుకు దగ్గరగా ఉన్న రాయబారం ముందు, దాని వెనకటి మందపోరు తరువాత, అన్నిటికీ మూలమైన కోడిపోరు ఆఖర.

ఉపన్యాసకుడు: ఉపమానం బాగుంది గానీ, ఆ లెక్కన కల్లిపాడు మొదటి రోజున రావాలి. వీరులు నేలకొరగడాన్ని తలపించే ఘట్టం అది. కథలోనూ చివరిదే, ఉత్సవంలోనూ చివరిదే.

ఆచారవంతుడు: చావును ముందు పెట్టి ఎవరు నడపగలరు మాస్టారూ?

వృద్ధుడి వివరణ ఏ గ్రంథంలోనిదీ కాదు, దానికి ప్రమాణమూ లేదు. అయినా ఉపన్యాసకుడు గమనించిన తలకిందుల వరస మాత్రం నిజమే. పాఠ్యపుస్తకపు క్రమానికి లొంగని స్మృతి ఒకటి ఈ ఉత్సవంలో ఉందని చెప్పడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. కార్యక్రమ కరపత్రంలో ఈ ఐదు పేర్లనూ కథాక్రమంలోకి సర్ది అచ్చు వేసే ఉత్సాహవంతుడు ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు బయలుదేరవచ్చు. ఆ రోజున ఏమి పోయిందో తెలిసేవారు అతి కొద్దిమందే ఉంటారు.

ఉపన్యాసకుడు: సరే, ఆచారానికి దాని వరస దానికి ఉందనుకుందాం. అయితే చరిత్ర అనే మాట వాడినప్పుడు కొంత జవాబుదారీతనం ఉండాలి. యుద్ధం 1182లో జరిగిందన్న మాట తరచు వినిపిస్తుంది; 12వ శతాబ్దం చివరి పాదమనడం అంతకంటే భద్రమైన మాట. శ్రీనాథుడి పేరున ఉన్న పల్నాటి వీరచరిత్ర 15వ శతాబ్దపు ద్విపద. అంటే యుద్ధానికీ కావ్యానికీ మధ్య రెండు వందల ఏళ్ళకు పైగా ఎడం ఉంది. ఆ కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం అచ్చుకెక్కించింది 1911లో. అంతకు ముందే, పల్నాడు అప్పటి కృష్ణా జిల్లాలో భాగంగా ఉన్న రోజుల్లో, గోర్డన్ మెకెంజీ 1883 నాటి జిల్లా మాన్యువల్‌లో ఈ వీరుల కథను రాశాడు. వేదిక మీద మైకు పట్టుకున్నవారు ఇవన్నీ కలగలిపి, కావ్యంలోని సంభాషణను యుద్ధభూమిలో ఎవరో పక్కన కూర్చుని రాసుకున్నట్టు చెబుతారు. ఏది శాసనం, ఏది కావ్యం, ఏది జనశ్రుతి అని విడదీసి చెప్పడమే స్థానిక చరిత్ర కార్యక్రమం చేయవలసిన మొదటి పని.

ఆచారవంతుడు: విడదీయండి, అడ్డు చెప్పేవారు లేరు. అయితే ఆ రెండు వందల ఏళ్ళూ కథ ఎక్కడ దాక్కుందో కూడా చెప్పండి. కాగితం మీద లేదు, రాతి మీద లేదు, మరి శ్రీనాథుడికి ఎక్కడ దొరికింది?

ఉపన్యాసకుడు: పాటలో. అందులో సందేహం లేదు. దాదాపు ఆ కాలపుదే అయిన క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల వర్ణన ఉంది. అక్కడ ఒక స్త్రీ పల్నాటి వీరుల కథను వాద్యాల మోత నడుమ పాడుతుండగా జనం విన్నట్టు కవి చెప్పాడు. అంటే కావ్యం పుట్టేనాటికే ఆ పాట పల్నాడు పొలిమేర దాటి పోయింది.

ఆచారవంతుడు: ఆ పాటను ఈ నేల మీద నిలిపినవారు వీరవిద్యావంతులు. కత్తి ఝళిపిస్తూ, పంబ మోతకు అడుగు వేస్తూ, రాత్రంతా నిలబడి ఒక్కొక్క వీరుడినీ పేరుపేరునా పిలిచి పాడతారు. వీరుడి పేరు పాటలో పలికినప్పుడు ఆ వీరుడి కొణతం మోసేవాడి ఒళ్ళు ఎలా జలదరిస్తుందో పుస్తకం చదివితే తెలియదు. మీరు ప్రమాణం అంటున్నది అక్కడ ఉంది.

వీరవిద్యావంతులు పల్నాటి వీరకథను వృత్తిగా పాడే గాయకులు. వారు దళితులలోని మాల సామాజిక వర్గానికి చెందినవారు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ 1974లో పల్నాడులో ఉండి, అలిశెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన కథను రికార్డు చేశాడు. దాని అనువాదమూ, అధ్యయనమూ కలిపి 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వెలువడ్డాయి. గ్రంథస్థ కావ్యాన్ని మాత్రమే ప్రమాణంగా పట్టుకున్న పండిత లోకానికి ఈ పాటే ఒక సంపూర్ణ కథనమనీ, దానికి దాని సొంత తర్కమూ దైవభావనా ఉన్నాయనీ ఆ పుస్తకం చూపింది.

ఉపన్యాసకుడు: ఇక్కడే అడగవలసింది ఉంది బాబాయ్ గారూ. ఆ పాటను శ్రద్ధగా పట్టుకున్నది సముద్రాలు దాటి వచ్చిన మనిషి. అది పుస్తకమైంది ఇంగ్లీషులో. కారంపూడి బడిలో చదివే పిల్లవాడు చదవగలిగిన పుస్తకం కాదది. ఆచారం అన్నీ కాపాడుతుందంటున్నారు కదా, మరి గాయకుడి కొడుకు పంబ వదిలి పట్నంలో కూలికి పోతుంటే ఆచారం అతన్ని ఆపగలిగిందా? కొణతానికి వెండి తొడుగు చేయించే వంశాలు పాడేవాడికి ఏడాదిలో మిగిలిన 360 రోజుల తిండి గురించి ఆలోచించాయా?

ఆచారవంతుడు: ఆలోచించలేదు.

ఉపన్యాసకుడు: ఆహ్వానపత్రికలో పెద్దల పేర్లన్నీ ఉంటాయి. పాడేవారి పేర్లు ఉంటాయా?

వృద్ధుడు దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. అతని వాదమంతటిలో బలహీనమైన చోటు ఇదే. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు కన్నమదాసు అనే మాల యోధుణ్ణి పెద్దకొడుకుగా స్వీకరించాడు, సేనాధిపత్యం ఇచ్చాడు. కులభేదం లేకుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని భుజించే చాపకూడు అతని పేరుతోనే ముడిపడింది. ఉత్సవాల్లో మందపోరు నాడు చాపకూడు పేరున సహపంక్తి భోజనం జరుగుతుంది, ప్రముఖులు కూడా వచ్చి పంక్తిలో కూర్చుంటారు. అంత గొప్ప స్మృతిని మోస్తున్న ఉత్సవంలోనే ఆ స్మృతిని నోట నిలిపినవారికి పందిరి అంచున చోటు దొరకడమన్నది ఆచారం తనను తాను అడగవలసిన ప్రశ్న.

ఆచారవంతుడు: తప్పు ఒప్పుకుంటే పరువు పోదు మాస్టారూ. అయితే మీ కార్యక్రమం వస్తే గాయకుడికి ఏం జరుగుతుందో కూడా ఒకసారి ఊహించండి. వేదిక కడతారు, రంగు దీపాలు పెడతారు, రాత్రంతా పాడేవాడికి పదిహేను నిమిషాలు ఇచ్చి గంట కొడతారు. ఆ పదిహేను నిమిషాల్లో యుద్ధానికి పోయే బాలచంద్రుడు తల్లి దగ్గర సెలవు తీసుకోవడమే పూర్తి కాదు. తరువాత శాలువా కప్పి ఫొటో తీస్తారు. అతని వెనకే సినిమా పాటల బృందం ఎక్కుతుంది. 1947లో ఒకసారి, 1966లో ఒకసారి పల్నాటి యుద్ధం సినిమాగా వచ్చింది. ఇప్పటికీ వేదిక మీద ఎవరు గురజాల మంత్రి నాగమ్మ వేషం కట్టినా కన్నాంబ నడకో, భానుమతి చూపో వస్తుంది తప్ప పాటలోని నాగమ్మ రాదు.

ఉపన్యాసకుడు: పదిహేను నిమిషాల వేదికను ఎవరూ సమర్థించడం లేదు. అయితే ప్రభుత్వం పట్టించుకుంటే మంచినీళ్ళు, మరుగుదొడ్లు, వైద్య శిబిరం, రాత్రి వెలుతురు వస్తాయి. దూరం నుంచి వచ్చే ఆడవాళ్ళకు అవి పాట కంటే ముందు కావలసినవి.

ఆచారవంతుడు: అవి రావాలి. కాదన్నవాడికి ఇంట్లో అన్నం పెట్టరు.

ఉపన్యాసకుడు: రాచగావు సంగతి కూడా వదలకూడదు. గావు అంటే బలి. ఆ మాటలోనే ఉంది. ఆలయాల్లో జంతు, పక్షి బలులను నిషేధించే చట్టం 1950 నుంచే ఉంది. పందెంకోళ్ళ విషయానికి వస్తే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉంది. బడిపిల్లలను వెంటబెట్టుకుని నడిపే కార్యక్రమం ఈ రెంటినీ తెలియనట్టు నటించలేదు.

ఆచారవంతుడు: నటించనక్కరలేదు. గుమ్మడికాయ కొట్టి గావు పట్టిన గుడులు రాష్ట్రంలో ఎన్ని లేవు? ఆచారం మారదని ఎవరు చెప్పారు? మారుతుంది. మార్చేది పూజ చేసేవాడై ఉండాలి. చూడటానికి వచ్చినవాడు మార్చకూడదు.

ఈ చివరి మాట చుట్టూనే సంవాదం రాళ్ళ విషయంలోకి మళ్ళింది. పల్నాటి వీరులు 66 మంది అని సంప్రదాయం. వీర్లగుడిలో వారిని లింగాల వంటి రాళ్ళ రూపంలో కొలుస్తారు. ఊళ్ళోని గుడుల్లో, పొలాల గట్ల మీద శాసనాల రాళ్ళు కూడా కనిపించే ప్రాంతమిది. ఉపన్యాసకుడి పథకంలో విద్యార్థుల చేత శాసనాలకు నకళ్ళు తీయించడం ఒక ముఖ్యమైన అంశం.

ఉపన్యాసకుడు: నకలు తీయడం పెద్ద విద్యేం కాదు గానీ ఓపిక కావాలి. ముందు రాయిని నీళ్ళు పోసి, మెత్తటి కుంచెతో అక్షరాల గాళ్ళలో పేరుకున్న మట్టిని వదిలించాలి. పల్చని కాగితాన్ని తడిపి రాతి మీద ముడత లేకుండా పరచి, దట్టమైన వెంట్రుకల బ్రష్షుతో నెమ్మదిగా తట్టుతూ పోతే కాగితం అక్షరం లోతులోకి దిగుతుంది. కాస్త ఆరాక, గుడ్డ చుట్టిన దిండును నల్లని సిరాలో అద్ది పైపైన తాకిస్తే రాతి పైభాగం నల్లగా, చెక్కిన అక్షరం తెల్లగా తేలుతుంది. అప్పటిదాకా గీతల్లా కనిపించినది పిల్లవాడి కళ్ళ ముందే సంవత్సరమూ, దాత పేరూ, భూమి కొలతా అవుతుంది. ఆ క్షణాన్ని చూసిన పిల్లవాడు మళ్ళీ శాసనం మీద బట్టలు ఉతకడు, ఇతరులను ఉతకనివ్వడు.

ఆచారవంతుడు: వీర్లగుడిలో రాయి మీద కాగితం పరచి బ్రష్షుతో కొడతారా? వీరుడి ఒంటి మీదా?

ఉపన్యాసకుడు: లేదు లేదు. అక్షరాలున్న శాసనాలకే. వీరుల రాళ్ళ జోలికి ఎవరూ పోరు. అయితే పూజ పేరున మీరు చేసేది కూడా చూడాలి. పసుపు రాస్తే కడుక్కోవచ్చు. నూనె పట్టిన చోట దుమ్ము పేరుకుని రాయి నల్లబడుతుంది. అన్నిటికంటే ఘోరం ఎనామిల్ రంగు; భక్తితో వేసిన ఆ పూత కింద అక్షరం మూసుకుపోతుంది, రాతికి చెమ్మ బయటికి వదిలే దారి ఉండదు, కొన్నేళ్ళకు పొర పొరగా పెచ్చులూడి అక్షరంతో సహా రాలిపోతుంది. గుడి బాగుచేయిద్దామని ముందుకు వచ్చిన దాత నేలకు గ్రానైట్ పరిపించి, అడ్డం వచ్చిన పాత రాతిని గోడవతలకు తోయించిన ఊళ్ళు ఈ రాష్ట్రంలో ఎన్ని లేవు?

ఆచారవంతుడు: ఎనామిల్ మాట నిజమే. దాని మీద రాజీ లేదు, మానిపించాలి. కానీ మాస్టారూ, పూజ ఆగిన రాయి ఏమవుతుందో కూడా చెప్పండి. నాగార్జునకొండ మన పక్కనే ఉంది.

నాగార్జునకొండ ప్రస్తావన ఇక్కడ యాదృచ్ఛికం కాదు. ఆ లోయలో ఇక్ష్వాకుల కాలానికి, అంటే క్రీస్తుశకం 3, 4 శతాబ్దాలకు చెందిన ఛాయాస్తంభాలు దొరికాయి. యుద్ధంలో మరణించినవారి పేరునా, ఇతర మృతుల పేరునా నిలిపిన స్మారక స్తంభాలవి. పల్నాటి యుద్ధానికి 800 ఏళ్ళ ముందే ఈ నేల మీద మరణించిన వీరుణ్ణి రాతిలో నిలిపే అలవాటు ఉందని అవి చెబుతాయి. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగిన తరువాత, లోయ నీట మునిగేలోగా తవ్వకాలు ముగించి, దొరికిన వాటిని కొండ మీదికి చేర్చారు. ఆ కొండ ఇప్పుడు జలాశయం నడుమ ద్వీపం, అక్కడొక మ్యూజియం.

ఆచారవంతుడు: లాంచీ ఎక్కి వెళతాం, టికెట్టు కొంటాం, అద్దాల వెనక వీరుణ్ణి చూస్తాం. కొబ్బరికాయ కొట్టేవాడు లేడు. అతని వంశం ఏదో, ఏ ఊళ్ళో ఉందో చెప్పేవాడు లేడు. కారంపూడి వీరుడికి అడగడానికి మనుషులున్నారు.

ఉపన్యాసకుడు: తరలించకపోతే ఆ స్తంభాలు ఇవాళ నీళ్ళ అడుగున ఉండేవి.

ఆచారవంతుడు: తరలించింది తప్పనడం లేదు. నీళ్ళు రాని చోట కూడా తరలించే ఆలోచన చేయవద్దంటున్నది అంతే.

ఉపన్యాసకుడు: ఆ ఆలోచన లేదు. 2003లో యునెస్కో చేసిన ఒడంబడిక ఒకటి ఉంది. రాళ్ళనూ కోటలనూ కాక, పాటలూ ఆచారాలూ చేతిపనులూ వంటి కంటికి కనిపించని వారసత్వాన్ని కాపాడడానికి చేసినది. భారతదేశం 2005లో అందులో చేరింది. దాని నిర్వచనం ప్రకారం ఏది వారసత్వమో చెప్పవలసినవారు దాన్ని ఆచరించే సమూహాలే. బయటి నిపుణుడు కాదు. ఆ లెక్కన ఇక్కడ మొదటి మాట మీది.

ఆచారవంతుడు: మొదటి మాట ఇచ్చి చివరి మాట మీరు ఉంచుకుంటారు. నాగమ్మ సంగతి వచ్చినప్పుడు చూశాం కదా.

ఈ ఎత్తిపొడుపు వెనక ఉన్నది నాయకురాలు నాగమ్మ చుట్టూ ఉన్న వివాదం. గురజాల పక్షాన నలగామరాజుకు మంత్రిగా ఉండి రాజ్యం నడిపిన స్త్రీ ఆమె. పాటలోనూ కావ్యంలోనూ ఎక్కువగా కుట్రదారుగా కనిపిస్తుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ నాయకురాలు నాటకం రాసిన నాటి నుంచి ఆమెను వేరే కంటితో చూసే ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి.

ఉపన్యాసకుడు: 12వ శతాబ్దంలో ఒక స్త్రీ మంత్రాంగం నడిపింది, సైన్యాన్ని సమీకరించింది, ప్రత్యర్థిని ఏడేళ్ళు దేశం దాటించింది. ఆమె గురించి పిల్లలకు చెప్పవలసింది విషం పెట్టించిందన్న ఒక్క వాక్యమేనా? బడిలో ఒక రోజు పిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టు చేత బ్రహ్మనాయుడి పక్షాన, ఒక జట్టు చేత నాగమ్మ పక్షాన వాదింపజేస్తే బాగుంటుంది. ప్రతి వాదానికీ ఆధారం చూపాలన్నది నియమం: ఇది ద్విపదలో ఉంది, ఇది పాటలో ఉంది, ఇది ఊళ్ళో పెద్దలు చెప్పారు, ఇది సినిమాలో చూశాం.

ఆచారవంతుడు: పిల్లలు బాగానే వాదిస్తారు. ఆ సాయంత్రానికి వాదం బడిగోడ దూకి ఊళ్ళోకి వస్తుంది. బ్రహ్మనాయుడిది ఏ కులం, నాగమ్మది ఏ కులం, ఎవరి మనిషిని ఎవరు తక్కువ చేశారు అంటూ మొదలవుతుంది. మీరు సెలవుల్లో మీ ఊరు వెళతారు. ఇక్కడివారు ఇక్కడే ఉండాలి.

ఉపన్యాసకుడు: ఆ వాదం ఇప్పుడు లేదా? ఫ్లెక్సీల మీద లేదా? ఆధారం అడగని చోట అది మరింత బలుస్తుంది. ఆధారం అడగడం నేర్చిన పిల్లవాడు పెద్దయ్యాక ఫ్లెక్సీ ముందు కనీసం ఒక్క క్షణం ఆగుతాడు.

ఆచారవంతుడు: ఆగుతాడో లేదో గానీ, నాగమ్మను ఎవరూ తుడిచివేయలేదు మాస్టారూ. ఆమె లేకపోతే కథే లేదు. పాడేవాడు ఆమె సభలోకి వచ్చే ఘట్టం ఎత్తుకుంటే గొంతు మారుతుంది, నడక మారుతుంది, విన్నవాడు నిటారుగా కూర్చుంటాడు. చెడ్డదన్న మాట నోటితో అంటూనే కాలితో ఆమెకు దారి ఇస్తారు. మీ వాదోపవాదం రికార్డు చేసేటప్పుడు ఆ ఘట్టం కూడా పూర్తిగా రికార్డు చేయండి.

ఉపన్యాసకుడు: అంటే పాట రికార్డు చేయడానికి ఒప్పుకుంటున్నట్టేనా?

ఆచారవంతుడు: గాయకుడు ఒప్పుకుంటే. రాత్రంతా అతను పాడినంతసేపూ చేయాలి, ముక్కలు కోయకూడదు. అతనికి ఇవ్వవలసింది ముందే ఇవ్వాలి, శాలువా కాదు. ఒక ప్రతి అతని ఇంట్లో ఉండాలి.

ఉపన్యాసకుడు: ఒకటి కళాశాల గ్రంథాలయంలో, ఒకటి ఉత్సవాలు నడిపే వీరాచార పీఠంలో, ఒకటి గాయకుడి ఇంట్లో. పిల్లలు పాఠాన్ని తెలుగులో రాసి పెడతారు; అర్థం కాని మాట ఎదురైతే గాయకుణ్ణే అడిగి రాస్తారు.

పాట విషయంలో ఇద్దరూ ఇంత త్వరగా ఒక దారికి వచ్చారు గానీ, కొణతాల దగ్గర మళ్ళీ చిక్కుపడ్డారు. ఏ కొణతం ఏ ఊరి నుంచి వస్తుంది, ఏ వీరుడిది, ఏ వంశం మోస్తుంది అన్నది ఒకచోట రాసి ఉంచితే, ఆ పుస్తకం పల్నాటి కథ ఎంత దూరం పాకిందో చూపే పటం అవుతుందన్నది ఉపన్యాసకుడి ఆశ. ఇది కొత్త ఊహేమీ కాదు. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వారి సహాయకులూ ఊరూరా తిరిగి గ్రామ కరణాల దగ్గర, పెద్దల దగ్గర సేకరించిన వృత్తాంతాలను కైఫియత్తులంటారు. తెలుగునాట స్థానిక చరిత్ర రచనకు అవే తొలి పెద్ద పునాది. వాటిలో పురాణమూ, భూమి లెక్కా, ఊరి తగాదా ఒకే పుటలో కలిసి ఉంటాయి, అందుకే అవి ఇప్పటికీ చదవబుద్ధవుతాయి.

ఉపన్యాసకుడు: పుస్తకంలో నాలుగు గడులు చాలు. ఊరు, వంశం, వీరుడి పేరు, ఆ సంగతి తెలిసిన విధం. నాలుగోది ముఖ్యం: తాత చెప్పాడా, తాటాకు మీద ఉందా, పాటలో ఉందా, ఎవరో పూజారి చెప్పగా నమ్మారా అన్నది రాసి తీరాలి.

ఆచారవంతుడు: ఇంకొక గడి గీయండి. కొణతం ఇంట్లో ఉన్నప్పుడు దానికి దీపం పెట్టేది ఎవరు అన్నది. మోసుకొచ్చేది మగవాడు, ఊరేగింపులో కనిపించేదీ మగవాడే. ఏడాది పొడుగునా తుడిచి, పసుపు రాసి, దీపం పెట్టి, మైల సోకకుండా చూసేది ఇంటి ఆడది. ఆమె పేరు ఏ కాగితం మీదా లేదు.

ఉపన్యాసకుడు: అది రాయవచ్చు. నిజానికి రాయవలసిందే. అయితే ఏ ఇంటి కొణతం ఏ వీరుడిదన్న విషయంలో రెండు వంశాలు ఒకే వీరుణ్ణి తమవాడంటే ఏం చేయాలి?

ఆచారవంతుడు: రెండూ రాయండి.

ఉపన్యాసకుడు: ఏది నిజమో తేల్చవద్దా?

ఆచారవంతుడు: అమావాస్య నాడు ఇద్దరూ ఒకే మడుగులో కొణతాలు కడుగుతారు మాస్టారూ. ఇన్నేళ్ళుగా అక్కడ తేల్చనిది మీరు గడిలో ఎందుకు తేలుస్తారు?

ఉపన్యాసకుడు గడిని కాస్త వెడల్పుగా గీయడానికి ఒప్పుకున్నాడు. రెండు పేర్లు పట్టేంత వెడల్పున, ఒక్కొక్క పేరు కింద ఆ ఇంటివారు చెప్పిన కారణం వారి మాటల్లోనే రాయాలన్న షరతుతో. ఆ కారణాన్ని ఎవరి చేతిరాతలో ఎక్కించాలన్న దగ్గర మాత్రం ఇద్దరికీ కుదరలేదు: విద్యార్థుల చేత రాయించి, చదివి వినిపించి, వేలిముద్రో సంతకమో తీసుకోవాలని ఉపన్యాసకుడు పట్టుబట్టాడు, ఇంటివారే, వంకరటింకరగానైనా, తమ చేత్తో రాయాలని వృద్ధుడు పట్టుబట్టాడు, రాయడం రాని ఇంట ఆ ఇంటి బడిపిల్ల రాస్తుందన్నాడు.